దిగువ కోనలో బురద ఎక్కువైందట!

నేను కొండముచ్చుని. పేరు గాలయ్య. ఏడుకోనల అడవిలో చాటింపు వేసే పని నాది. నాయకుడు ఏం చెప్పమంటే అది నల్లమద్ది చెట్టు చిటారుకొమ్మ ఎక్కి అరవాలి. నిజమా అబద్ధమా అని అడక్కూడదు. ఐదేళ్ళు అలా అరిచీ అరిచీ గొంతు పోయింది, దాంతో పాటే పరువూ పోయింది. గొంతుకి తేనె నాకితే సరిపోతుంది. పరువు సంగతి ఈ కథ విన్నాక మీరే చెప్పండి.

మా దగ్గర నాయకుణ్ణి ఐదు వానలకోసారి ఎన్నుకుంటాం. దిగిపోయే రోజున పెద్ద సభ పెట్టి సాగనంపుతాం. ఆ సభలో నాయకుడి స్నేహితులు మాట్లాడకూడదు. చుట్టాలు మాట్లాడకూడదు. ఆయన మీద ఎవరు ఎక్కువసార్లు ఫిర్యాదు చేశారో వాళ్ళే లేచి సాగనంపు మాట చెప్పాలి. కష్టం వచ్చినవాడే కదా నాయకుడి వైపు కళ్ళు పెట్టుకుని చూసేది, వాడికే తెలుస్తుంది ఆయన ఎలాంటివాడో అని మా పెద్దలు పెట్టిన ఆచారం. ఆ ఫిర్యాదీ కూడా మెచ్చుకుంటే ఇక ఆ నాయకుడు చేసిన పనుల్ని తర్వాత వచ్చేవాళ్ళు ముట్టుకోకూడదు. అవి అలాగే ఉండిపోవాలి. ఒకప్పుడు కొత్తగా వచ్చిన ప్రతివాడూ పాతవాడు పెట్టిన చెట్లన్నీ పీకి పారేస్తుంటే విసిగిపోయి పెట్టుకున్న నియమం అది. నియమం మంచిదే. దాన్ని వాడుకునేవాళ్ళతోనే వచ్చింది చావు.

మొన్న దిగిపోయిన నాయకుడు అడవిదున్న. పేరు గండరయ్య. మనిషి చెడ్డవాడని... అదే, దున్న చెడ్డదని నేను అనను. మొదటి ఏడు బాగానే చేశాడు. రేచుకుక్కల మందని పొలిమేర దాటించాడు. కానీ రెండో ఏడు రాగానే ఒక జబ్బు పట్టుకుంది. 'నేను పోయాక నా పేరు ఎలా మిగులుతుంది?' అని. ఇంక రాత్రింబవళ్ళు అదే గొడవ. ఆ గొడవలో పాలవాగుకి ఎగువన అడ్డంగా మట్టి కట్ట వేయించాడు. తనూ కొమ్ములతో మట్టి పోశాడు, కాదనను. కట్ట వెనక నీళ్ళు నిలిచి పెద్ద చెరువైంది. దానికి 'గండరయ్య సాగరం' అని పేరు పెట్టాడు. దానికి పదకొండుసార్లు ప్రారంభోత్సవం చేశాడు. పదకొండుసార్లూ చెట్టెక్కి అరిచింది నేనే. ఒకే చెరువు పదకొండుసార్లు ఎలా మొదలవుతుందయ్యా అని ఒక్కడు అడిగితే ఒట్టు.

ఎగువన ఉన్నవాళ్ళకి చెరువు పండగే. జింకలు, పందులు, నెమళ్ళు, అందరూ దాని చుట్టూ చేరారు. మరి దిగువ కోన? అక్కడికి పోవాల్సిన నీళ్ళే కదా పైన నిలబడిపోయింది. కాళ్ళున్నవాళ్ళు పైకి వచ్చేశారు. కాళ్ళున్నా నడక లేనివాళ్ళు ఉండిపోయారు. తాబేళ్ళు, ఒక నలభై దాకా. వాటికి మిగిలింది ఒక బండ కింద చిన్న చెలమ. ఇసక తోడితే ఊరే నీళ్ళు. ఈ ఎండాకాలం అది కూడా అడుగంటింది. కట్ట తెగితే బతుకుతాయి. గండరయ్య మెప్పుతో దిగిపోయి, కట్టని ముట్టుకోకూడదనే నియమం పడితే ఇంక అంతే సంగతులు.

ఆ తాబేళ్ళ పెద్ద పేరు బొప్పమ్మ. దిగువ కోన నుంచి ఫిర్యాదుల మొద్దు దాకా రావడానికి ఆమెకి ఆరు రోజులు పడుతుంది. పోవడానికి ఆరు రోజులు. నెలనెలా వచ్చేది. లెక్క వేసుకోండి, ఆమె బతుకులో సగం ఫిర్యాదుకి నడవడానికే పోయింది.

మొద్దు దగ్గర కూర్చునేది నక్క పేరయ్య. ఎవరు వచ్చి ఏ కష్టం చెప్పినా మొద్దు మీద గోటితో ఒక గీత గియ్యాలి. అది ఆచారం కాబట్టి వాడు తప్పించుకోలేడు. గీత గీశాక ఆ ఫిర్యాదు ఎక్కడికి పోవాలో మాత్రం ఏ ఆచారమూ చెప్పలేదు. పేరయ్య బతుకంతా ఆ సందులోనే.

"ఏం బొప్పమ్మా, మళ్ళీ వచ్చావా?" అనేవాడు.

"రాక ఏం చెయ్యను నాయనా? పాలవాగులో నీళ్ళు లేవు."

"పోయిన నెలా ఇదే చెప్పావుగా?"

"పోయిన నెలా లేవు."

"అయితే ఇది పాత ఫిర్యాదే. కొత్తదేమైనా ఉంటే చెప్పమ్మా, రాసుకుంటా."

"కొత్తదా? ఉంది. పోయిన నెల చెలమలో మా నడుము దాకా ఉండేవి. ఇప్పుడు మూతి కూడా తడవడం లేదు."

"అది ఫిర్యాదు కాదమ్మా, సమాచారం. సమాచారం చెప్పుకోవడానికి వేరే మొద్దు ఉంది."

"ఎక్కడుంది?"

"ఇంకా పెట్టలేదు."

ఇదండీ వరస. నేను చెట్టు మీద కూర్చుని వింటూనే ఉన్నాను. వినీ వినీ ఒళ్ళు మండేది. మండితే ఏం లాభం? ఒళ్ళు మండించుకుని కొమ్మ మీదే కూర్చున్నాను తప్ప కిందికి దిగి ఒక్క మాట అనలేదు. ఆ మాట ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరూ నన్ను ఎత్తిపొడవక్కర్లేదు.

పదవి ఇంకో నెలలో అయిపోతుందనగా గండరయ్యకి బెంగ పట్టుకుంది. చాటింపు ఏమైనా ఉందేమోనని నేను అప్పుడు అక్కడే నిలబడి ఉన్నాను.

"ఒరేయ్ పేరయ్యా, ఇప్పటిదాకా ఎక్కువ గీతలు ఎవరివిరా?" అన్నాడు.

"ఆ తాబేలువే అయ్యగారూ. నలభై మూడు."

"అంటే సాగనంపు మాట చెప్పేది ఆవిడా? చచ్చాం! ఆవిడ నోరు తెరిచిందంటే నా సాగరం గతేమిటి? కొత్తగా ఎన్నికైన ఆ కణితి దుప్పి కట్ట తెంచి పారేస్తుంది. అప్పుడు నా పేరు ఎవడు తలుచుకుంటాడు?"

పేరయ్య తోక సర్దుకుని తీరిగ్గా కూర్చున్నాడు. వాడు అలా కూర్చుంటే ఎవరో ఒకరికి మూడిందన్నమాట.

"ఎక్కువ ఫిర్యాదులు చేసినవాడు మాట్లాడాలి. అంతేకదయ్యా రూలు?"

"అంతే."

"అయితే ఆవిడకంటే ఎక్కువ నేను చేస్తా."

"నా మీదా? నా ఉప్పు తిని నా మీదే ఫిర్యాదు చేస్తావా?" గండరయ్య లేచి నిలబడ్డాడు.

"కూర్చోండయ్యా. ఎలాంటివి చేస్తానో చూసి అప్పుడు కోప్పడండి."

మర్నాటి నుంచి మొదలైంది నా నరకం. పేరయ్య మొద్దుకి ఇటువైపు నిలబడి ఫిర్యాదు చెప్పేవాడు. గబగబా అటువైపు వెళ్ళి తన ఫిర్యాదుకి తనే గీత గీసుకునేవాడు. రోజుకి నాలుగు. ప్రతి ఫిర్యాదునీ నేను చెట్టెక్కి అరవాలి.

"నాయకుడు మన కోసం ఆలోచిస్తూ నిద్ర మానేశాడహో! ఆయన ఆరోగ్యం ఏమైపోవాలని పేరయ్య ఫిర్యాదహో!"

నేను ఈ మాట అరుస్తుంటే పొదలో నుంచి గండరయ్య గురక వినిపిస్తూ ఉంది.

"నాయకుడు తన వాటా గడ్డి జింకలకి పెట్టి చిక్కిపోతున్నాడహో!"

ఆ వారమే ఆయన రెండు చెట్ల మధ్య ఇరుక్కుపోతే ఆరుగురు కలిసి లాగారు.

"సాగరంలో చేపలు మరీ బలిసి, పట్టుకుంటే జారిపోతున్నాయహో!"

ఇవి వినీ వినీ జనం నవ్వడం కూడా మానేశారు. ఆ మానెయ్యడమే పేరయ్యకి కావాలి. అప్పుడు తీశాడు అసలుది. దిగువ కోనలో నీళ్ళు పొంగి బురద ఎక్కువైందని, తాబేళ్ళు నడవలేక నానా అవస్థా పడుతున్నాయని, దీనికంతా గండరయ్య సాగరమే కారణమని.

ఇది మాత్రం నా గొంతు దిగలేదు. "పేరయ్యా, అక్కడ చుక్క నీళ్ళు లేవు కదయ్యా!" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"చెట్టు మీద నుంచి కనిపిస్తుంది."

"నీకు కనిపిస్తే చాలదోయ్. ఆవిడ లేవంటుంది. నేను ఎక్కువయ్యాయంటా. వినేవాళ్ళకి ఇద్దరిలో ఎవరిది నిజమో తేలదు. తేలనప్పుడు ఏం చేస్తారు? ఇంటికి పోయి పడుకుంటారు. మనకి కావాల్సింది అదేగా?"

గండరయ్య పక్కనే నెమరు వేస్తున్నాడు. నెమరు ఆపి, "నిజంగా అంత పొంగిందిరా?" అన్నాడు ఆశగా.

"మీరు కట్టిన సాగరం అయ్యగారూ. పొంగకుండా ఉంటుందా?"

"అదీ నిజమే," అన్నాడు ఆయన. అన్నాడంటే అన్నాడు! తన కోసం అల్లిన అబద్ధాన్ని అందరికంటే ముందు నమ్మినవాడు ఆయనే. ఇలాంటివాళ్ళని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఆ బురద ఫిర్యాదుని వాడు ముప్పైసార్లు చేశాడు. ముప్పైసార్లూ అరిచాను.

సభకి ముందు రోజు సాయంత్రం బొప్పమ్మ వచ్చింది. దారి పొడుగునా నా అరుపులు ఆమె చెవిన పడ్డాయి. మొద్దు మీద ఇంకో గీత గీయించి, నేరుగా నా చెట్టు కిందికి వచ్చి నిలబడింది.

"గాలయ్యా, దిగరా కిందికి!"

దిగాను.

"బురదా? మాకా?"

"పెద్దమ్మా, అరవడం నా పని..."

"అరవడం నీ పనని తెలుసులే. కళ్ళు కూడా అద్దెకిచ్చావా? నీ కొమ్మ మీద నుంచి మా కోన కనిపించదూ? మా అక్క రెండు వారాలుగా కదలడం లేదు. పిల్లలు ఇసకలోకి తల దూర్చి తడి కోసం నాకుతున్నారు. ఆరు రోజులు నడిచి వస్తున్నాను, ప్రతి మలుపులోనూ నీ గొంతే. బురద ఎక్కువైందహో, బురద ఎక్కువైందహో! ఛీ, నీ నోరు పడ!"

తల దించుకుని నిలబడ్డాను. "రేపు సభలో నేనే లేచి నిజం చెప్పేస్తా పెద్దమ్మా," అన్నాను.

"నువ్వా? నెల రోజులు అరిచినవాడివి రేపు కాదంటే ఎవడు నమ్ముతాడు? నక్క ఒకటంటాడు, నువ్వొకటంటావు, జనం వినోదం చూసి పోతారు. వద్దు." ఆమె కాళ్ళు లోపలికి లాక్కుని చాలాసేపు రాయిలా ఉండిపోయింది. తర్వాత తల బయటపెట్టి, "ఆ ఫిర్యాదు ఇంకోసారి చెప్పు, ఒక్క మాట పోకుండా," అంది.

చెప్పాను.

"కళ్ళచూపు ఆచారం ఇంకా ఉందా?" అంది.

ఉంది. సాగనంపు మాటకి ముందు, మాట్లాడేవాడు ఎక్కువసార్లు చేసిన ఫిర్యాదు ఏదో దాన్ని సభంతా కలిసి వెళ్ళి కళ్ళతో చూసి రావాలి. కానీ అలా వెళ్ళి ఎన్నో ఏళ్ళయింది. పెద్దలు కూర్చున్నచోటే 'చూసినట్టే' అనేస్తారు, అందరూ తల ఊపుతారు, అయిపోతుంది. పేరయ్య ధైర్యం కూడా అదే.

"బాగుంది. రేపు నేనేం మాట్లాడినా నువ్వు నోరు మూసుకుని కూర్చో. ఇన్నాళ్ళు బాగా తెరిచావుగా," అని బొప్పమ్మ పొద కిందికి పోయింది.

తెల్లారి సభ కూడింది. పెద్దరికం ముత్తవ్వది. ముసలి ఏనుగు, మా అందరికంటే పెద్దది. మొద్దు తెప్పించి గీతలు చూసింది.

"పేరయ్యవి నూట పన్నెండు. బొప్పమ్మవి నలభై నాలుగు. పేరయ్యే సాగనంపు మాట చెప్తాడు. ముందు కళ్ళచూపు. గాలయ్యా, ఏ ఫిర్యాదు ఎక్కువసార్లు వచ్చింది?"

"దిగువ కోనలో బురద అవ్వా. ముప్పైసార్లు."

ముత్తవ్వ ఆవులించింది. "దిగువ కోనా? ఈ ఎండలో ఎవరు పోతారు? చూసినట్టే అనుకుందామా?"

అందరూ తల ఊపడానికి సిద్ధమయ్యారు. ఎంత త్వరగా ఊపేస్తే అంత త్వరగా నీడకి పోవచ్చు. సరిగ్గా అప్పుడు బొప్పమ్మ ముందుకు వచ్చింది.

"అవ్వా, నాదొక మాట."

పేరయ్య దీనికోసమే ఎదురుచూస్తున్నాడు. "అదిగో, మొదలెట్టింది! నీళ్ళు లేవంటుంది చూడండి. నలభై నాలుగుసార్లు అదే పాట!" అన్నాడు.

"నేనెందుకంటాను పేరయ్యా? నువ్వు చెప్పిందంతా నిజం," అంది బొప్పమ్మ.

పేరయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఇన్నాళ్ళూ నేనే పొరపడ్డాను. ముసల్దాన్ని, కళ్ళు సరిగా ఆనవు. ఇంత నీళ్ళిచ్చిన మహానుభావుడి మీద లేనిపోని గీతలు గీయించాను. ఒక్కటే బాధ అవ్వా. గండరయ్యగారు ఈ రోజు దిగిపోతున్నారు. ఆయన కట్టిన సాగరం నీళ్ళు మా గడప దాకా వచ్చి తిరుగుతుంటే, ఆ నీళ్ళలో ఒక్కసారి కాలు పెట్టకుండానే పోతారా? దిగువ కోన అంతా ఆయన కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తోంది."

గండరయ్య గంగడోలు ఊగింది. ఛాతీ ఉబ్బింది. నాకు అక్కడే అర్థమైంది, ఈయన పడిపోయాడని.

"అవ్వా, పోదాం! నా నీళ్ళు నేను చూడొద్దూ?" అన్నాడు.

"అయ్యగారూ, ఎండ... దూరం కూడానూ..." పేరయ్య ఆయన చెవి దగ్గరికి ఎగిరాడు.

"వాగు దగ్గరికి పోతూ ఎండేమిట్రా?"

"పోనీ, ఇక్కడ సాగరంలో కడుపునిండా తాగి బయల్దేరండి. అందరినీ తాగమనండి."

"నీకు మతి పోయిందా? అంత పొంగే వాగు దగ్గరికి పోతూ ఇక్కడ తాగి పోతారా ఎవరైనా? అక్కడే తాగుదాం. అందరూ అక్కడే తాగాలి! ఒరేయ్ గాలయ్యా, అరువు!"

అరిచాను. ఆ ఒక్క చాటింపు మాత్రం హాయిగా, మనస్ఫూర్తిగా అరిచాను.

ఒక్కరూ చుక్క నీళ్ళు తాగలేదు. నాయకుడు అక్కడే తాగాలన్నాడు కదా! వందమంది బుర్రలున్న జంతువులం, చెరువు పక్క నుంచి గొంతు ఎండబెట్టుకుని నడిచి పోయాం. ముత్తవ్వ బొప్పమ్మని వీపు మీద ఎక్కించుకుంది. ఆరు రోజుల దారి అలా పైనుంచి చూస్తూ పోతుంటే ఆవిడకి ఎలా ఉందో నేను అడగలేదు.

మొదట్లో గండరయ్య మహా హుషారుగా ఉన్నాడు. కట్ట మీద మట్టి ఎక్కడి నుంచి తెచ్చాడో, ఎన్ని రోజులు పోశాడో కొత్త నాయకురాలు కణితికి చెబుతూ నడిచాడు. ఆమె పాపం 'ఊఁ, ఊఁ' అంటూ పోయింది. మలుపు తిరిగాక చెట్లకి ఆకులు పలచబడ్డాయి. ఇంకో మలుపు తిరిగాక లేనే లేవు. పిట్ట కూత లేదు. ఈ కోనలో కప్పల గోలకి ఒకప్పుడు మాట వినపడేది కాదు. ఇప్పుడు మా అడుగుల కింద ఎండుటాకుల చప్పుడే గొప్ప చప్పుడు.

"అయ్యగారూ, నా కాలు బెణికింది," అన్నాడు పేరయ్య.

"కుంటుకుంటూ రా."

"అయ్యగారూ, ఈ దారి కాదేమో..."

"నోరు ముయ్యరా, నాలిక పిడచకట్టుకుపోతోంది. వాగు వస్తే ముందు మూతి ముంచాలి," అన్నాడు గండరయ్య.

పొద్దు నడినెత్తికి వచ్చింది. గుండ్రాళ్ళు, తెల్లటి ఇసక ఉన్నచోట గండరయ్య ఆగిపోయాడు. కాళ్ళు కాలుతున్నాయి. ఒకటెత్తి ఒకటి పెడుతున్నాడు.

"ఇంకెంత దూరం బొప్పమ్మా? వాగు ఎక్కడ?"

"ఇంకెక్కడికి వెళ్తారయ్యా?" అంది ఏనుగు మీద నుంచి బొప్పమ్మ. "మీరు నిలబడ్డది వాగు నడిమధ్యలోనే."

గండరయ్య కిందికి చూశాడు. అటూ ఇటూ చూశాడు. అప్పుడు కనిపించాయి ఆయనకి రెండు పక్కలా గట్లు, గట్ల మీంచి గాలిలో వేలాడుతున్న చెట్ల వేళ్ళు.

"ఆ బండ గుర్తుందా అయ్యా?" అంది బొప్పమ్మ. "ఎన్నికలప్పుడు వచ్చి దాని మీదే నిలబడి మాట్లాడారు. గిట్టలు తడుస్తాయని మిమ్మల్ని మేమే దాని మీదికి ఎక్కమన్నాం. ఆ తర్వాత ఇదిగో, ఇవాళే మళ్ళీ రావడం."

ముత్తవ్వ ఆమెని మెల్లగా కిందికి దించింది. బండ కిందికి వంగి చూశాం. ఇరుకు నీడలో తాబేళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. కొన్ని తలలు బయటకి ఉన్నాయి. కొన్ని లేవు. చిన్నవి నాలుగు, పక్కకి తోసి ఉన్నాయి. వాటిని ఎందుకలా పక్కకి పెట్టారని అడగబోయి ఆగిపోయాను.

అందరికంటే ముసలి తాబేలు, బొప్పమ్మ అక్క, కళ్ళు తెరవకుండానే అడిగింది. "ఎవరొచ్చారే?"

"నాయకుడొచ్చాడక్కా."

"నీళ్ళొచ్చాయా?"

"లేదక్కా, నాయకుడే వచ్చాడు."

"అయితే మళ్ళీ రమ్మను," అని ఆమె తల లోపలికి లాక్కుంది.

గండరయ్య మొహం చూడలేక నేను ఎటో చూశాను. ముత్తవ్వ మాత్రం చూపు తిప్పుకోలేదు. "చూసినట్టే అనుకుందామన్నది నేనే కదూ? ఎన్నేళ్ళుగా అంటున్నానో!" అంది. అని పేరయ్య వైపు తిరిగింది.

"ఏరా, నీ ఫిర్యాదు చూడ్డానికి వచ్చాం. చూశాం. ఆచారం ప్రకారం ఇంక సాగనంపు మాట నువ్వే చెప్పాలి. చెప్పు."

"ఇక్కడా అవ్వా? పైకి పోయాక..."

"ఇక్కడే. ఇప్పుడే. నువ్వు చెప్పేదాకా ఎవరం కదలం."

పేరయ్య సాగనంపు మాట రెండు వారాలుగా తయారు చేసుకున్నాడు. నాకు వినిపించాడు కూడా. అందులో 'యుగపురుషుడు' అనే మాట ఏడుసార్లు ఉంది. బండెక్కి నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు. గొంతులో ఏముంది సవరించడానికి? పొద్దున్నుంచి ఎండలో నడిచిన నాలిక అంగిలికి అతుక్కుపోయింది. "యు... యు..." అన్నాడు. దగ్గాడు. మళ్ళీ "యు..." అన్నాడు.

"గట్టిగా. గాలయ్య చాటాలి," అంది ముత్తవ్వ.

వాడు నాలిక బయటపెట్టి రొప్పాడు. చుట్టూ చూశాడు. ఒక గుంటలోనైనా, ఒక ఆకు దొప్పలోనైనా ఏమైనా దొరుకుతుందేమోనని. వందమందీ అలాగే రొప్పుతూ వాడి వైపే చూస్తున్నారు.

"నీళ్ళు..." అన్నాడు పేరయ్య.

"ఏం నీళ్ళు?"

"నీళ్ళు... లేవు."

"వినపడలేదు."

"నీళ్ళు లేవు!" అని ఏడుపు గొంతుతో అరిచి బండ మీదే కూలబడ్డాడు. ఆ ఏడుపులో ఒక్క అబద్ధం లేదు. వాడి నోటి నుంచి అలాంటిది నేను వినడం అదే మొదలు.

ముత్తవ్వ నా వైపు చూసింది. "సాగనంపు మాట అయింది. చాటు."

గట్టు మీద ఎండిపోయిన నేరేడు ఉంది. దాని కొమ్మ ఎక్కాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"ఏడుకోనల అడవి నాయకుడు గండరయ్యగారి ఐదు వానల పాలన మీద, ఆయన మొద్దు కాసిన పేరయ్య చెప్పిన సాగనంపు మాటహో! నీళ్ళు లేవహో!"

మెప్పు లేదు కాబట్టి కట్టని ముట్టుకోవచ్చు. కణితి అప్పటికే పైకి పరుగు అందుకుంది. కానీ ఆమెకంటే ముందు గండరయ్య పరుగెత్తాడు. ఎవరూ చెప్పలేదు. నాలుక బయటికి వేలాడుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాహంతో పరుగెత్తాడో, ఆ పక్కకి పెట్టిన నలుగురిని చూసి పరుగెత్తాడో ఆయనకే తెలియాలి. కట్ట దగ్గరికి పోయి, నీళ్ళు తాగకుండా, కొమ్ములతో కుమ్మడం మొదలుపెట్టాడని కణితి తర్వాత చెప్పింది. నలభై నాలుగుసార్లు నడిచి వచ్చి అడిగిన పని పది కుమ్ముల్లో అయిపోయింది. పది కుమ్ములండీ! తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నీళ్ళు సాయంత్రానికి దిగువ కోన చేరాయి. ముందు ఇసక నల్లబడింది, తర్వాత నురగ వచ్చింది, ఆ వెనక వాగు వచ్చింది. బొప్పమ్మ అక్క కళ్ళు తెరిచి, మూతి ముంచి, చాలాసేపు ఎత్తలేదు. నలభైమందిలో ముప్పై ఆరుగురు తాగారు. బొప్పమ్మ అందరూ తాగాక తాగింది. మా వైపు తిరిగి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

కట్ట పూర్తిగా పోలేదు. కణితి దానికి ఒక తూము పెట్టించింది. ఎగువకి కొంత, దిగువకి కొంత. ఆ ఆలోచన నాలుగేళ్ళ కింద ఎవరికీ ఎందుకు రాలేదో అడక్కండి, మళ్ళీ నా ఒళ్ళు మండుతుంది.

ఇంత జరిగాక పేరయ్య ఊరుకున్నాడనుకున్నారా? రెండో రోజు పొద్దున్నే నా చెట్టు కిందికి వచ్చాడు, తోక దువ్వుకుని, మొహం కడుక్కుని.

"గాలయ్యా, ఒక చాటింపు ఉంది. 'దిగిపోతూ కూడా దిగువ కోనకి వాగుని ప్రసాదించిన దయామయుడు గండరయ్య' అని. కొంచెం రాగం తీసి అరువు."

నేను కిందికి దిగాను. వాడి ఎదురుగా నిలబడ్డాను. ఐదేళ్ళలో చెయ్యాల్సిన పని అది.

"అరవను. అంత చెప్పాలనుంటే దిగువ కోనకి నడిచి పోయి, బొప్పమ్మ మొహం చూసి, నీ నోటితోనే చెప్పిరా," అన్నాను.

పేరయ్య కాసేపు దిగువ కోన దారి వైపు చూశాడు. తర్వాత తోక కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంకో దారిన పోయాడు. గండరయ్య ఇప్పుడు మందలో మామూలు దున్నలా మేస్తున్నాడు. ఎవరైనా ఆయన పాలన గురించి ఎత్తితే మేత మీద నుంచి తల ఎత్తడు. పిల్లలు మాత్రం ఆ ఐదేళ్ళని ఇంకా 'నీళ్ళు లేవు ఏళ్ళు' అనే పిలుస్తున్నారు.

నీతి ఏమిటంటే: నాయకుడు ఏం మిగిల్చి పోయాడో తెలియాలంటే కట్ట మీద నిలబడి చెరువుని కాదు, దిగువకి నడిచిపోయి వాగుని చూడాలి.